ఆడిట్ కార్యాలయానికి ఉచిత ఫైల్ సర్వర్: ఓపెన్‌మీడియావాల్ట్ వాడి చూశాక

తిరుపతిలోని మా ఆడిట్ కార్యాలయంలో ఫైళ్లన్నింటినీ ఒకే చోట పెట్టి, ఎవరి పని మేరకు వారికి మాత్రమే అందేటట్టు చేయడానికి ఓపెన్‌మీడియావాల్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకున్నాము. రిటర్నుల సీజను, ఆ వెంటనే వచ్చే టాక్స్ ఆడిట్ సీజను రెండూ దాని మీదే గడిచాయి కనుక మంచిచెడ్డలు చెప్పడానికి తగినంత అనుభవం వచ్చిందనే అనుకుంటున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. చిన్న కార్యాలయానికి ఇది చక్కగా సరిపోతుంది, అయితే ఏ ఫోల్డర్‌ను ఎవరు చూడవచ్చో, ఎవరు మార్చవచ్చో ముందుగా కాగితం మీద తేల్చుకోనివారిని ఇది తెలివిగా కాపాడదు. ఇచ్చిన ఆదేశాన్ని ఇచ్చినట్టే అమలు చేస్తుంది, ఇవ్వని ఆదేశానికి మాత్రం తనకు తోచిన అర్థం చెప్పుకుంటుంది.

ఓపెన్‌మీడియావాల్ట్ డెబియన్ లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీద కట్టిన వ్యవస్థ. అంతకుముందు ఫ్రీనాస్ అనే మరో ఉచిత ఫైల్ సర్వర్ మీద పనిచేసిన ఫోల్కర్ థైలే దీన్ని రూపొందించారు, తొలి విడుదల 2011లో వచ్చింది. మేము వాడుతున్నది డెబియన్ 12 ఆధారంగా 2024లో వచ్చిన 7వ వెర్షన్. విండోస్ కంప్యూటర్లకు ఫోల్డర్లను అందించే అసలు పని లోపల సాంబా చేస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిజెల్ 1992లో తొలిసారి విడుదల చేసిన ఆ ప్రోగ్రామును నేరుగా వాడాలంటే కాన్ఫిగరేషన్ ఫైలును చేత్తో రాసుకోవాలి. ఓపెన్‌మీడియావాల్ట్ ఆ పనిని బ్రౌజర్‌లో తెరుచుకునే పేజీలుగా మార్చింది. అందువల్ల ఈ సమీక్షలో నేను మెచ్చుకునే వాటిలో సగం నిజానికి సాంబా గొప్పతనమే. నేను విమర్శించేది మాత్రం చాలావరకు ఆ పేజీల అమరికను.

అంతకుముందు మా దగ్గర ఉన్నది చాలా కార్యాలయాల్లో కనిపించే ఏర్పాటే. అందరికంటే పెద్ద హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్ తెరిచి, 'ఎవ్రీవన్'కు పూర్తి హక్కులిచ్చి, పాస్‌వర్డ్ అడగకుండా చేసిన ఏర్పాటు. ఆ కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగి సాయంత్రం దాన్ని ఆపి ఇంటికి వెళితే మిగిలినవారి పని కూడా అక్కడితో ఆగేది. పైగా మామూలు విండోస్ 10, 11 కంప్యూటర్ ఏకకాలంలో 20 కనెక్షన్లకు మించి అనుమతించదు. పాస్‌వర్డ్ లేని పద్ధతికి కూడా కాలం చెల్లింది, ఎందుకంటే విండోస్ 11 ప్రొఫెషనల్ 24హెచ్2 వెర్షన్ నుంచి పాస్‌వర్డ్ లేకుండా అతిథిగా సర్వర్‌లోకి వెళ్లే దారిని మైక్రోసాఫ్ట్ ముందే మూసి ఇస్తోంది. ఎవరి పేరు వారికి, ఎవరి పాస్‌వర్డ్ వారికి ఉండే పద్ధతికి మారక తప్పని పరిస్థితి ఆ విధంగా కూడా వచ్చింది.

ఇన్‌స్టాల్ చేయడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్ ఒకటి, వ్యవస్థ కోసం ఒక చిన్న ఎస్ఎస్‌డీ, డేటా కోసం ఒకే పరిమాణం ఉన్న రెండు హార్డ్ డిస్కులు సరిపోయాయి. వ్యవస్థ ఉన్న డిస్కును డేటాకు వాడుకోనివ్వడం దీని పద్ధతి కాదు కాబట్టి ఆ చిన్న ఎస్ఎస్‌డీని వృథా ఖర్చుగా భావించవద్దు. మొదటిసారి లోపలికి వెళ్లడానికి ఇచ్చే అడ్మిన్ పాస్‌వర్డ్ ప్రపంచమంతటికీ తెలిసినదే, కాబట్టి దాన్ని వెంటనే మార్చాలి. ఏ మార్పు చేసినా పేజీ పైభాగాన పసుపు పట్టీ వచ్చి, 'అప్లై' నొక్కమని అడుగుతుంది, నొక్కేదాకా ఆ మార్పు అమలులోకి రాదు. మొదట విసుగనిపించినా, పొరపాటున గుర్తు పెట్టిన గడిని అమలుకు ముందే వెనక్కి తీసుకునే వీలు దీనివల్లే కలుగుతుంది. వేగం తక్కువగా ఉందని అనిపిస్తే సర్వర్‌ను అనుమానించే ముందు కంప్యూటర్లన్నింటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్‌ను చూడాలి. పాత 100 మెగాబిట్ స్విచ్ మీద సెకనుకు పదకొండు, పన్నెండు మెగాబైట్లకు మించి రాదు, గిగాబిట్ స్విచ్ పెడితే అదే పాత డెస్క్‌టాప్ నూరు దాటించగలదు.

అసలు విషయం యూజర్లు, గ్రూపులు, షేర్డ్ ఫోల్డర్లు (నెట్‌వర్క్‌లో పంచుకునే ఫోల్డర్లు, క్లుప్తంగా షేర్లు). ఆడిట్ కార్యాలయంలో మనుషులు మారుతూనే ఉంటారు. 2023 జులై 1 నుంచి చేరేవారికి ఆర్టికల్‌షిప్ అనే సీఏ విద్యార్థుల శిక్షణ (అది చేసేవారినే ఆర్టికల్ అంటాము) కాలం మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గినందున ఆ మార్పు ఇంకా వేగంగా జరుగుతోంది. వ్యక్తి పేరు మీద హక్కులిస్తే, ఒక్కొక్కరు వెళ్లినప్పుడల్లా, చేరినప్పుడల్లా ఒక్కొక్క ఫోల్డర్‌ను తెరిచి సరిచూసుకోవలసి వస్తుంది, రెండో ఏడాదికల్లా ఎవరికి ఎక్కడ ఏ హక్కు ఉందో చెప్పగలిగేవారు ఎవరూ మిగలరు. అందుకే హక్కులన్నీ గ్రూపులకే ఇచ్చాము, వ్యక్తికి నేరుగా ఒక్కటీ ఇవ్వలేదు. పార్ట్‌నర్లు, ఆడిట్ బృందం, పన్నుల బృందం, ఆఫీసు నిర్వహణ అని నాలుగు గ్రూపులు పెట్టాము. కొత్తగా చేరిన ఆర్టికల్‌కు యూజర్ పేరు సృష్టించి, తగిన గ్రూపులో చేర్చితే అతని పని మొదలవుతుంది. ఓపెన్‌మీడియావాల్ట్‌లో యూజర్‌ను సృష్టించినప్పుడే లినక్స్ పాస్‌వర్డ్, సాంబా పాస్‌వర్డ్ రెండూ కలిసి ఏర్పడతాయి, ఆ యూజర్ అదే వెబ్ పేజీలోకి తన పేరుతో వెళ్లి పాస్‌వర్డ్ మార్చుకోగలడు. ఈ చిన్న సౌకర్యం వల్ల అందరి పాస్‌వర్డులూ ఒక డైరీలో రాసిపెట్టుకునే దురలవాటు మా కార్యాలయంలో తప్పింది.

ఫోల్డర్లను పైస్థాయిలోనే విడగొట్టాము. ఆడిట్ పత్రాలు ఒక షేరు. జీఎస్టీ, ఆదాయపు పన్ను పత్రాలు ఒక షేరు. మా జీతాలు, అద్దె, ఫీజు బిల్లులు ఉండే ఆఫీసు షేరు వేరు. లెటర్‌హెడ్లు, ఫార్మాట్లు, స్కానర్ నుంచి వచ్చే కాగితాలు ఉండే ఉమ్మడి షేరు అందరిదీ. వీటికి తోడు 'పాతవి' అనే షేరు ఒకటి ఉంది. ఆడిట్ వర్కింగ్ పేపర్లను మామూలుగా ఆడిట్ నివేదిక తేదీ నుంచి ఏడేళ్లకు తక్కువ కాకుండా దాచాలని మా వృత్తి ప్రమాణం చెబుతుంది. కంపెనీల చట్టం ప్రకారం కంపెనీ లెక్కల పుస్తకాలను ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు, జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. కాబట్టి సంవత్సరం ముగిసిన ఫైళ్లు 'పాతవి'లోకి వెళతాయి, అక్కడ ఆడిట్, పన్నుల బృందాలకు చదివే హక్కు మాత్రమే ఉంటుంది, రాసే హక్కు పార్ట్‌నర్లది. నగరిలోని మరమగ్గాల యజమాని ఒకరు నాలుగేళ్ల కిందటి స్టాకు లెక్క అడిగితే ఆర్టికల్ ఎవరైనా తెరిచి చూపించగలరు, ఎవరూ పొరపాటున దాని మీద సేవ్ చేయలేరు. ఈ ఒక్క షేరు కోసమైనా ఈ శ్రమ పడవచ్చునని నా అభిప్రాయం.

ఒకే మనిషి రెండు గ్రూపుల్లో ఉంటే ఏమవుతుందో ఈ పేజీలు చెప్పవు కనుక ఇక్కడ చెప్పడం అవసరం. ఒక గ్రూపు ద్వారా చదివే హక్కు, మరొక గ్రూపు ద్వారా రాసే హక్కు వచ్చినప్పుడు సాంబా రాసే హక్కునే లెక్కలోకి తీసుకుంటుంది. 'నో యాక్సెస్' అనే గుర్తు మాత్రం అన్నింటినీ మించిపోతుంది. ఏ ఒక్క గ్రూపు ద్వారా ఆ గుర్తు తగిలినా, మిగిలిన గ్రూపులు ఇచ్చిన హక్కులు పనికిరావు. సీనియర్ ఒకరిని సౌలభ్యం కోసం ఆర్టికల్స్ ఉన్న గ్రూపులోనూ చేర్చి, ఆ గ్రూపుకు ఆఫీసు షేరు మీద 'నో యాక్సెస్' పెడితే, ఆ సీనియర్ కూడా బయటే నిలబడవలసి వస్తుంది. కాబట్టి హక్కు ఇవ్వదలచుకోని గ్రూపు ఎదుట గడిని ఖాళీగా వదిలేయడం మేలు. ఒక గ్రూపుకైనా చదివే లేదా రాసే హక్కు గుర్తు పెడితే, గుర్తు లేనివారు వారంతట వారే బయట ఉంటారు.

నాకు ఏమాత్రం నచ్చని విషయం దీని పక్కనే ఉంది. ఒక షేరులో ఏ గ్రూపుకూ, ఏ యూజర్‌కూ ఏ గుర్తూ పెట్టకుండా వదిలేస్తే, అది ఎవరికీ అందని షేరు కాదు. సర్వర్‌లో పేరున్న ప్రతి యూజర్‌కూ తెరిచి ఉన్న షేరు. తాళం వేయని బీరువా లాంటి ఆ స్థితిని తెర మీద ఎక్కడా ఎర్రక్షరాలతో హెచ్చరించరు. కొత్త షేరును సృష్టించి, హక్కుల సంగతి రేపు చూద్దామనుకునే మనిషికి ఆ ఒక్క రాత్రి చాలు. పాస్‌వర్డ్ లేని పరాయివారు రాలేరు నిజమే, కానీ ఆడిట్ కార్యాలయంలో గోప్యత బయటివారితో ఎంత అవసరమో లోపలివారి మధ్య కూడా అంతే అవసరం. జీతాల పట్టికను ఆర్టికల్ తెరిచి చూడటానికి హ్యాకర్ కానక్కరలేదు కదా.

రెండో విమర్శ ఇంతకంటే లోతైనది. ఓపెన్‌మీడియావాల్ట్‌లో హక్కులకు రెండు పొరలు ఉన్నాయి. మొదటిది సర్వీసు పొర. పైన చెప్పిన గడులన్నీ ఈ పొరకు చెందినవి, సాంబా ద్వారా లోపలికి ఎవరు రావచ్చో ఇవి నిర్ణయిస్తాయి. రెండోది డిస్కు మీద ఫైళ్లకు ఉండే లినక్స్ హక్కుల పొర, దానికి 'యాక్సెస్ కంట్రోల్ లిస్ట్' పేరుతో వేరే పేజీ ఉంది. రెండు పేజీలూ చూడటానికి ఒకేలా ఉంటాయి, యూజర్ల జాబితా ఒకటే, గడులు ఒకటే, వాటి బొత్తాలు కూడా పక్కపక్కనే ఉంటాయి. మొదటి పేజీలో రాసే హక్కు ఇచ్చి, రెండో పేజీలో ఏదో సరిచేయబోయి దాన్ని కింది ఫోల్డర్లన్నింటికీ వర్తింపజేస్తే, పేరుకు హక్కు ఉన్నా ఫైలు సేవ్ కాని పరిస్థితి వస్తుంది, కారణం ఏ పేజీలో ఉందో వెతకడం కొత్తవారికి చాలా కష్టం. రెండు పొరల్లో ఏది కఠినంగా ఉంటే అదే చివరికి చెల్లుతుందని ఒక్క వాక్యం ఆ పేజీ మీద రాసి ఉంటే ఎంతమందికి ఎంత కాలం మిగిలేదో! విండోస్‌లోనూ షేర్ హక్కులు, డిస్కు మీది ఫైళ్లకు ఉండే ఎన్టీఎఫ్ఎస్ హక్కులు అని ఇదే తరహా రెండు పొరలు ఉన్నాయి, అక్కడా ఇదే తికమక ఉంది.

మా నిర్ణయం రెండో పేజీని ముట్టుకోకపోవడం. ఓపెన్‌మీడియావాల్ట్ కొత్త షేర్డ్ ఫోల్డర్‌ను సృష్టించినప్పుడు దాన్ని 'యూజర్స్' అనే ఉమ్మడి గ్రూపు పేరిట పెట్టి, ఆ గ్రూపుకు రాసే హక్కు ఇచ్చి, లోపల పుట్టే ప్రతి ఫైలుకూ అదే గ్రూపు వచ్చేటట్టు చేస్తుంది. వెబ్ పేజీలో సృష్టించిన ప్రతి యూజర్ ఆ గ్రూపులో సభ్యుడే. దీనివల్ల ఒకరు తయారుచేసిన వర్క్‌షీటును మరొకరు తెరిచి సవరించలేకపోవడమనే పాత లినక్స్ సమస్య ఇక్కడ తలెత్తదు, వడపోత అంతా పై పొరలోనే జరుగుతుంది. మనిషి వెళ్లిపోయి అతని పేరు తొలగించినా, ఆ ఫైళ్లు గ్రూపువే కనుక మిగిలినవారి పని ఆగదు. ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. ఒకే షేరులోని ఉపఫోల్డర్లకు వేర్వేరు హక్కులు ఇవ్వడం కుదరదు. ఆడిట్ షేరులో ఒక్క క్లయింటు పత్రాలను ఇద్దరికే చూపించాలంటే దానికి వేరే షేరు పెట్టవలసిందే. మాకు అటువంటివి రెండు మూడే కనుక ఇబ్బంది లేదు. వందమంది ఉద్యోగులున్న కార్యాలయానికి మాత్రం ఈ సలహా ఇవ్వను, వారికి రెండో పొర నేర్చుకోవడం తప్పదు. షేరు పేర్లు పెట్టేటప్పుడు కూడా కొంచెం ఆలోచించాలి. తెరవడానికి హక్కు లేనివారికి కూడా జాబితాలో షేరు పేరు మామూలుగా కనిపిస్తుంది, అందుకని క్లయింటు పేరునే షేరు పేరుగా పెట్టకూడదు.

తెలుగులో ఫైలు పేర్లు పెట్టేవారికి ఒక సంగతి ముఖ్యం. యూనికోడ్ తెలుగు పేర్లు ఏ చిక్కూ లేకుండా పనిచేస్తాయి, కానీ డిస్కును లినక్స్‌లో మామూలుగా వాడే ఎక్స్‌ట్4 పద్ధతిలో ఫార్మాట్ చేస్తే ఫైలు పేరు 255 బైట్లకు మించకూడదు. ఇంగ్లిషు అక్షరానికి ఒక్క బైటు చాలు, తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ మూడేసి బైట్లు పడతాయి. 'శ్రీ' అనే ఒక్క అక్షరమే పన్నెండు బైట్లు తీసుకుంటుంది. విండోస్‌లో హాయిగా ఉన్న 'శ్రీ వెంకటేశ్వర' అంటూ మొదలై ఊరు, సంవత్సరం, నోటీసు విషయం అన్నీ కలిపిన పొడుగాటి పేరు సర్వర్‌లోకి కాపీ కాకపోతే కారణం హక్కులు కావు, ఇదే. మేము సంవత్సరాన్నీ, విషయాన్నీ ఫోల్డర్ల పేర్లలోకి మార్చి ఫైలు పేర్లను పొట్టిగా ఉంచుతున్నాము.

విండోస్ వైపు నుంచి వచ్చే చిక్కు ఒకటి సర్వర్ మీద నెపంగా పడుతుంది కనుక ప్రస్తావిస్తున్నాను. ఒక విండోస్ లాగిన్‌లో ఒకే సర్వర్‌కు ఏకకాలంలో రెండు పేర్లతో కలవడం కుదరదు, 1219 నంబరుతో లోపం వస్తుంది. ఇద్దరు ఆర్టికల్స్ ఒకే కంప్యూటర్‌ను వంతులవారీగా వాడుతూ, విండోస్‌లో ఒకే అకౌంటుతో పనిచేస్తుంటే, రెండోవారికి మొదటివారి హక్కులే వస్తాయి, లేదా ఈ లోపం ఎదురవుతుంది. ఆ కంప్యూటర్‌లో ఇద్దరికీ వేర్వేరు విండోస్ అకౌంట్లు పెట్టడమే దీనికి సరైన పరిష్కారం. ఇక ఎక్సెల్ ఫైలును ఒకరు తెరిచి ఉండగా మరొకరు తెరిస్తే 'రీడ్ ఓన్లీ'గా మాత్రమే తెరుచుకుంటుంది. ఇద్దరూ ఒకేసారి ఒకే పట్టికలో అంకెలు నింపాలంటే ఆన్‌లైన్ షీట్లకు వెళ్లవలసిందే, ఫైల్ సర్వర్ నుంచి అది ఆశించకూడదు. లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ డేటాను మేము దీని మీదికి మార్చలేదు. ఒకే ఫైలును పలువురు క్షణక్షణం చదివి రాసే ప్రోగ్రాములకు విండోస్ సర్వర్ మీద ఉండడమే క్షేమమని మా ఆడిటర్ గారి పట్టుదల, నాకూ అందులో అభ్యంతరం లేదు. టాలీ బ్యాకప్పులు మాత్రం రోజూ ఇక్కడికి చేరుతాయి.

రీసైకిల్ బిన్ సదుపాయాన్ని ప్రతి షేరుకూ విడిగా ఆన్ చేయాలి, మొదట అది ఆఫ్‌లో ఉంటుంది. తొలగించిన ఫైలు అదే షేరులోని దాచిన ఫోల్డర్‌లోకి, తొలగించినవారి పేరు కిందికి చేరుతుంది, ఎన్ని రోజులు ఉంచాలో మనం చెప్పవచ్చు. ఎవరు ఏ ఫైలును తొలగించారో, ఏ పేరు మార్చారో నమోదు చేసే ఆడిట్ సదుపాయం కూడా ఉంది, మా వృత్తివారికి అది ముచ్చటగా ఉంటుందని వేరే చెప్పాలా! కానీ రీసైకిల్ బిన్ తొలగింపును మాత్రమే పట్టుకుంటుంది. పాత అంకెల మీద కొత్త అంకెలు సేవ్ చేస్తే పాతవి అందులో దొరకవు. ఒకదానిలో రాసిందే రెండోదానిలోనూ రాస్తూ అద్దంలా పనిచేసే మా రెండు డేటా డిస్కులు కూడా ఇందుకు పనికిరావు, ఒకదానిలో చెడిపోయిన ఫైలు అదే క్షణంలో రెండోదానిలోనూ చెడిపోతుంది. అందుకని యూఎస్‌బీ డిస్కు తగిలించగానే తనంతట తాను నకలు తీసే ప్లగిన్ (అదనంగా చేర్చుకునే భాగం) పెట్టాము. రెండు యూఎస్‌బీ డిస్కులు వంతులవారీగా మారతాయి, నకలు పూర్తి కాగానే ఒకటి కార్యాలయం బయటికి వెళుతుంది. 2017 మే నెలలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాము) విండోస్ ఫైల్ షేరింగ్ పద్ధతి అయిన ఎస్ఎంబీ పాత మొదటి వెర్షన్‌లోని లోపం ద్వారా పాకి, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లను సైతం తాకింది. ఇప్పటి సాంబా ఆ మొదటి వెర్షన్‌ను ముందుగానే మూసి ఉంచుతుంది, పాత స్కానర్ కోసమని దాన్ని తెరవమని ఎవరైనా సలహా ఇస్తే స్కానర్‌నే మార్చడం ఉత్తమం.

కార్యాలయం బయటి నుంచి వాడుకోవడం ప్రత్యేకంగా మా ఊరి అవసరం. సెప్టెంబరు నెలాఖరున టాక్స్ ఆడిట్ గడువు దగ్గరపడే రోజులకూ, శ్రీవారి బ్రహ్మోత్సవాలకూ తరచుగా పొత్తు కుదురుతుంది. గరుడ సేవ రోజున అలిపిరి వైపు నివసించేవారు కార్యాలయానికి రావడం అయ్యే పని కాదు. దీనికి వైర్‌గార్డ్ ప్లగిన్ ద్వారా వీపీఎన్ (ఇంటర్‌నెట్ మీదుగా కార్యాలయ నెట్‌వర్క్‌లోకి రహస్య దారి) పెట్టుకుని, ఇంటి నుంచి అదే యూజర్ పేరుతో, అవే హక్కులతో పనిచేస్తున్నాము. ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్టును రూటర్‌లో నేరుగా ఇంటర్‌నెట్‌కు తెరిచి ఇస్తామనే సాంకేతిక నిపుణులు కూడా ఉన్నారు, వారిని ఆ పని చేయనివ్వకూడదు.

సిద్ధంగా దొరికే నాస్ పెట్టెలతో (ఫైల్ సర్వర్‌గానే తయారై అమ్మే పరికరాలతో) పోల్చితే ఓపెన్‌మీడియావాల్ట్‌కు డబ్బు పెట్టనక్కరలేదు, డిస్కులను ఏ కంపెనీవైనా వాడుకోవచ్చు, పాత డెస్క్‌టాప్ పాడైతే డిస్కులను మరో డెస్క్‌టాప్‌కు తగిలించి పని సాగించవచ్చు. ఆ పెట్టెలు తక్కువ కరెంటు వాడతాయి, తక్కువ చోటు తీసుకుంటాయి, ఉపఫోల్డర్ల హక్కులను తికమక తక్కువగా చూపిస్తాయి. మా దగ్గర లినక్స్ అంటే భయపడని ఆర్టికల్ ఒకరు ఉండడం వల్ల మొదటి దారి పట్టాము, ఆ అబ్బాయి వెళ్లేలోగా అడ్మిన్ పని నేను నేర్చుకున్నాను. చిత్తూరులో మామిడి గుజ్జు యూనిట్ నడిపే మా క్లయింటు ఒకరు ఇదే ఏర్పాటు తమకూ కావాలన్నారు. సీజను దాటితే వారి కార్యాలయంలో ఇద్దరే ఉంటారు, కంప్యూటర్ సంగతి చూసే మనిషి లేరు. రెండు డిస్కుల నాస్ పెట్టె ఒకటి కొనుక్కుని, జీతాలకూ గుజ్జు లెక్కలకూ వేర్వేరు షేర్లు పెట్టుకోమని చెప్పాను.